ఫోన్ సర్వే, లింకు సర్వే: పర్లాకిమిడి నుంచి సిరొంచ దాకా పంపేముందు ఏం చూసుకోవాలి?

పర్లాకిమిడి_కాల్‌డెస్క్: ఫ్రిజ్, వాషింగ్ మిషన్ సర్వీసు అయ్యాక 8 ప్రశ్నల సర్వే. ఒడిశాలో గజపతి, రాయగడ, గంజాం. అటు మహారాష్ట్రలో బల్లార్షా, సిరొంచ. సగం ఫోన్లో, సగం లింకుతో. ముందు ఏవి పరీక్షించాలి?

బల్లార్షా_ఫీల్డ్: అన్నా, మొదలు భాష సంగతి చూడుండ్రి. ఇక్కడ ఇంట్ల తెలుగే, చదువు మాత్రం చానామందికి మరాఠీల. తెలుగు లిపిల లింకు పంపితే తెరుస్తరు, మొదటి పేజీల్నే బందు చేస్తరు. ఫోన్ తెలుగుల, లింకు మరాఠీల పెట్టుండ్రి. భాష మార్చుకునే బటన్ మొదటి తెర మీదనే ఉండాలె.

రాయగడ_ఐవీఆర్: మా వైపూ అంతే, మరాఠీ బదులు ఒడియా. ఐవీఆర్‌లో (రికార్డు చేసిన గొంతు అడిగితే ఫోన్ అంకెలు నొక్కి జవాబిచ్చే పద్ధతి) 0 నుంచి 10 స్కేలు పెట్టకండి. 10 ఇద్దామనుకున్నవాళ్లు 1 నొక్కగానే సిస్టమ్ దాన్నే రాసేసుకుంటుంది, మెచ్చుకున్న మనిషి లెక్కలో తిట్టినట్టు పడతాడు. 1 నుంచి 5 చాలు. 10 కావాల్సిందే అంటే చివర హ్యాష్ నొక్కించండి. టచ్‌ఫోన్లో కీప్యాడ్ తెరవడానికి టైం పడుతుంది, అదీ లెక్కలో పెట్టుకుని చూడండి.

బరంపురం_ఎస్సెమ్మెస్: మెసేజ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. తెలుగు, ఒడియా, మరాఠీ ఏదైనా ఒక ఎస్సెమ్మెస్‌కి 70 అక్షరాలే. దాటితే 67 అక్షరాల చొప్పున ముక్కలవుతుంది, ఒక్కో ముక్కకీ ఛార్జీ. గుణింతాలు, వత్తులు విడిగా లెక్కకొస్తాయి: ‘స్త్రీ’ ఒక్కటే 6 తినేస్తుంది. హెడర్ (పంపేవాళ్ల పేరు), టెంప్లేటు (మెసేజ్ నమూనా) డీఎల్‌టీలో, అంటే టెలికాం కంపెనీల నమోదు పోర్టల్లో ఉండాలి. 2024 అక్టోబరు 1 నుంచి లింకు కూడా ముందే అక్కడ వైట్‌లిస్ట్ (అనుమతించిన జాబితాలో చేర్పించడం) చేయించాలి, లేకపోతే మెసేజ్ ఆపరేటర్ దగ్గరే ఆగిపోతుంది. మీ ఫోన్‌కి వచ్చింది కదా అని వదిలేయకండి. జియో, ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్ నాలుగింటికీ పంపి చూడండి.

పర్లాకిమిడి_కాల్‌డెస్క్: బాగుంది గురువుగారూ. మరి రెండు ఫలితాలూ కలిపి సగటు తీసేయొచ్చా?

రాయగడ_ఐవీఆర్: వద్దు బాబూ. అవతల మనిషి గొంతు వినిపిస్తే మొహమాటానికి మార్కులు పెరుగుతాయి. వినేవాళ్లకి చివరి ఆప్షన్ గుర్తుంటుంది, తెర మీద చదివేవాళ్లు పైదే నొక్కేస్తారు. ఆప్షన్ల వరస ఒక్కొక్కరికీ మారుస్తూ ఉండండి. స్కేలు వరస మాత్రం కదపకూడదు, ‘ఇవేవీ కాదు’ అడుగునే ఉండాలి. ఫోనా, లింకా అన్నది డేటాలో వేరే కాలమ్‌గా పెట్టుకుని విడివిడిగా చూడండి.

బరంపురం_ఎస్సెమ్మెస్: ‘మెకానిక్ టైముకి వచ్చి బాగా చేశాడా?’ లాంటివి ఉంటే విడగొట్టండి. లేటుగా వచ్చినా పని బాగా చేసినవాడికి ఏం నొక్కాలి? గళ్ల పట్టిక ప్రశ్నలు చిన్న ఫోన్లో పక్కకి జారిపోతాయి, తీసేయండి. ముందు ఒక్కో భాషకి 20, 30 మందికి పంపి, ఏ ప్రశ్న దగ్గర వదిలేస్తున్నారో చూశాకే మిగతావాళ్లకి వదలండి.

బల్లార్షా_ఫీల్డ్: ఇంకొకటన్నా. ‘ఎత్తలేదు’ అని ఒక్కటే కోడ్ పెట్టకుండ్రి. స్విచాఫ్, కవరేజ్ లేదు, వద్దన్నరు, మళ్ల చెయ్యమన్నరు, ఇవన్నీ వేరే వేరే. సిరొంచ దిక్కు సిగ్నల్ లేనోళ్లకు పొద్దుగాల ఒకసారి, రాత్రి 7 దాటినంక ఒకసారి చెయ్యుండ్రి. వద్దన్నోళ్లకు మాత్రం మళ్ల చెయ్యొద్దు.