కొంగ పొడిచిన కోయి చేప: టబ్‌లోకి తీయాలా, తొట్టిలోనే వదలాలా?

పెరటితొట్టి:
మా పెరట్లో రెండు వేల లీటర్ల సిమెంటు తొట్టి, అందులో ఆరు కోయి చేపలు (అందం కోసం పెంచుకునే రంగుల చేపలు). నిన్న తెల్లవారుజామున కొంగ దిగి పెద్దదాన్ని వీపు మీద పొడిచింది. నాలుగైదు పొలుసులు ఊడి ఎర్రగా కండ కనబడుతోంది. మేత ముట్టట్లేదు, మూలకు నక్కింది. విడిగా ఉప్పునీళ్లలో పెట్టనా, అక్కడే వదిలేయనా? చాలా టెన్షన్‌గా ఉంది.

ఆకివీడు రైతు:
ఉప్పే మందమ్మా. లీటరుకు 30 గ్రాముల కల్లుప్పు. పాతికేళ్లుగా శీలావతికీ బొచ్చెకూ ఇదే చేస్తున్నాను.

గోదారిగట్టు:
30 గ్రాములా! చచ్చిపోతుంది. 3 చాలు. అసలు పట్టుకోకపోతేనే మేలు. వలలో పెనుగులాడితే ఒంటి మీద జిగురు పోతుంది, తర్వాత అక్కడే బూజు పడుతుంది.

కొత్త సభ్యుడు:
అయోడిన్ ఉప్పు వేయొచ్చా?

ఆకివీడు రైతు:
ముంచి తీయడానికి 30, అదీ ఐదు నిమిషాల లోపు, ఒరిగితే వెంటనే తీసేయాలి. అందులోనే ఉంచాలంటే 3. నేను చెప్పింది ముంచడం గురించి.

గోదారిగట్టు:
ఆ మాట ముందే ఎందుకు చెప్పలేదు? పోయినేడాది ఒక మందుల షాపులో ఇలాగే సగం చెప్పారు. 30 వేసి రాత్రంతా ఉంచాను. పొద్దున్నకి నా చేప వెల్లకిలా తేలింది. తెలిసినవాళ్లు సగం మింగేస్తే పోయేది మా చేపలే.

ఆకివీడు రైతు:
షాపువాడు చేసిన దానికి నన్నంటారేం? సూటిగా చెబుతా. దేశంలో 1988లో బయటపడ్డ ఎర్రపుండు జబ్బు కొర్రమీనుల్ని ఎలా తినేసిందో చూసినవాణ్ణి. పుండున్న చేప ఒక్కటుంటే మిగతా ఐదింటికీ ముప్పు. తీసి పారేయండి.

గోదారిగట్టు:
ఇదన్నమాట మీ మనసులో ఉన్నది! పొడిస్తే అయిన గాయానికీ ఆ జబ్బుకీ పోలికేంటండీ? మీకు చేప అంటే టన్నుల లెక్క. ఆవిడకున్నవి ఆరే.

పెరటితొట్టి:
పారేయను. నాన్నగారు కొన్న చేప అది. ఆస్పత్రి మంచం మీంచి కూడా ఫోన్ చేసి మేత వేశావా అని అడిగేవారు.

ఆకివీడు రైతు:
ఆ సంగతి తెలియదమ్మా, ఏమనుకోకు. అయితే విను. వల వాడొద్దు. టబ్‌ని తొట్టిలో ముంచి చేపను మెల్లగా అందులోకి తోలు. 50 లీటర్లు తొట్టి నీళ్లే, 150 గ్రాముల ఉప్పు, కరిగించి కొద్దికొద్దిగా పోయాలి. ఎయిర్ పంపు ఆగకూడదు. పైన మూత లేకపోతే ఎగిరి దూకుతుంది. రోజూ మూడో వంతు నీళ్లు మార్చాలి, లేకపోతే చేప విసర్జనతో నీళ్లలో పేరుకునే అమ్మోనియా చంపుతుంది. తీసిన నీళ్లకు సరిపడా 50 గ్రాములే కలపాలి. రెండు రోజులు మేత వద్దు.

గోదారిగట్టు:
వల లేకుండా అయితే నాకూ అభ్యంతరం లేదు. మిగతా ఐదూ తొట్టిలోనే ఉన్నాయిగా, పైన వల కట్టండి. రుచి మరిగిన కొంగ మళ్లీ వస్తుంది.

పెరటితొట్టి:
టబ్‌లోకి తెచ్చాను. ముడుచుకున్న రెక్కలు సాయంత్రానికి విప్పింది. తొట్టి మీద వల కట్టాను. పొద్దున్న చూస్తే కొంగ గోడ మీదే ఉంది.