అనేక క్షేత్రాల్లో దీర్ఘకాల జీవావరణ పరిశోధన: ఎంతవరకు ఒకే పద్ధతిపై పట్టుబట్టాలి?

ప్రశ్న:
మేము తొమ్మిది గడ్డిభూముల్లో ఒకే అధ్యయనం నడుపుతున్నాం. ఏటా గడ్డి బాగా ఎదిగిన సమయంలో గుర్తించిన మడుల్లో కోసి, ఆరబెట్టి, తూకం వేస్తాం. ఏడో ఏట లెక్కలన్నీ ఒకచోట చేర్చినప్పుడు రెండు క్షేత్రాల్లో దిగుబడి ఒక్కసారిగా పెరిగినట్లు కనిపించింది. ఆరా తీస్తే, అక్కడ బాధ్యత చేతులు మారాక గడ్డిని నేలమట్టానికి కోస్తున్నారని, అంతకుముందు నాలుగు వేళ్ల ఎత్తు వదిలేసేవారని తేలింది. వారి తప్పేమీ లేదు. మేము రాసుకున్న నియమాల్లో కోత ఎత్తు ప్రస్తావనే లేదు. నియమాలు బిగిద్దామంటే, సొంత నిధులతో, సొంత ప్రశ్నలతో పనిచేస్తున్న వారిలో కొందరు తప్పుకుంటారేమోనని భయంగా ఉంది. ఏ మేరకు పట్టుబట్టవచ్చు? ఆ రెండు క్షేత్రాల లెక్కలను ఏం చేయాలి?

మొదటి సమాధానం:
తప్పనిసరి కొలతలు కొన్నే ఉండాలి, కానీ వాటిలో సడలింపు ఉండకూడదు. న్యూట్రియెంట్ నెట్‌వర్క్ పేరుతో సాగుతున్న గడ్డిభూముల ప్రయోగంలో వందకు పైగా క్షేత్రాలు చేరగలగడానికి ప్రధాన కారణం ఇదేనని నా అభిప్రాయం. అక్కడ మడి 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ఉంటుంది. నత్రజని, భాస్వరం, పొటాషియం ఎంత వేయాలో, గడ్డిని ఎంత వెడల్పు పట్టీలో కోయాలో ముందే రాసి ఉంటుంది. అంతకు మించి ఎవరైనా అదనపు కొలతలు తీసుకోవాలనుకుంటే అది వారి ఇష్టం. మీ తొమ్మిది చోట్లా అత్యంత తక్కువ వనరులున్న బృందం ఏటా మానకుండా చేయగలిగినదే మీ ఉమ్మడి జాబితా కావాలి.

రెండో సమాధానం:
లెక్కల గురించి చెబుతాను. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో 1856లో మొదలైన పార్క్ గ్రాస్ ప్రయోగంలో 1960లో కోత పద్ధతి మారింది. అంతకుముందు మడిలోనే ఎండిన గడ్డిని తూచేవారు. ఆ తర్వాత యంత్రంతో పచ్చిగా కోసి పొడి బరువు లెక్కగట్టసాగారు. ఎండే క్రమంలో రాలిపోయే భాగం రెండో పద్ధతిలో పోదు కనుక, రెండు కాలాల దిగుబడులను నేరుగా పోల్చడానికి వీల్లేదు. అంత పేరున్న ప్రయోగానికే తప్పని సమస్య ఇది. మీరు ఆ రెండు చోట్ల పక్కపక్క పట్టీల్లో పాత ఎత్తులోనూ, కొత్త ఎత్తులోనూ కనీసం రెండు మూడు రుతువులు కోయించండి. పలుచని గడ్డిలోనూ దట్టమైన గడ్డిలోనూ మొదళ్ల వాటా ఒకేలా ఉండదు. అందువల్ల ఒకే గుణకంతో సవరించవద్దు. మూల సంఖ్యలను ఎన్నడూ దిద్దకండి. ఏ పద్ధతిలో వచ్చిందో తెలిపే గడిని ప్రతి వరుసకూ చేర్చండి.

మూడో సమాధానం:
నియమాల బిగువు వల్ల మనుషులు వెళ్లిపోతారన్న మాటతో నేను ఏకీభవించను. నేను చూసినంతలో, తాము పంపిన దత్తాంశంతో వ్యాసం వెలువడి అందులో తమ పేరు లేనప్పుడే వారు దూరమయ్యారు. రచయితల అర్హత ఏమిటో, దత్తాంశం ఎన్నాళ్ల తర్వాత బహిరంగమవుతుందో ముందే రాసి సంతకాలు తీసుకోండి. ఇక చేతులు మారే సమస్యకు, పద్ధతిని మనిషి జ్ఞాపకంలో కాక క్షేత్రంలోనే ఉంచాలి. శాశ్వత అటవీ మడుల్లో చెట్టు చుట్టుకొలత తీసిన చోటే రంగుతో గీత పెడతారు. ఎన్నేళ్ల తర్వాత ఎవరు వచ్చినా టేపు అక్కడే పడుతుంది. మీ మడి మూలల్లో కోత ఎత్తు గుర్తించిన మేకులు పాతించండి.

ప్రశ్న అడిగినవారు:
ముగ్గురికీ కృతజ్ఞతలు. పక్కపక్క పట్టీల కోతను వచ్చే రుతువు నుంచే మొదలుపెడతాం, మేకులు తొమ్మిది చోట్లా పాతిస్తాం. ఒప్పంద పత్రం ముసాయిదా తయారుకాగానే ఇక్కడ పెడతాను, లోపాలుంటే చెప్పండి.