బ్రేక్ పైపు ఫ్లేరింగ్ టూల్: పైపు జారుతోంది, ఫ్లేర్ వంకరగా వస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న: కారు వెనక చక్రాలకు వెళ్లే బ్రేక్ పైపు తుప్పు పట్టి ఒకచోట చెమ్మగా ఉంటోంది. కొత్తది నేనే వేద్దామని పైపును పట్టే బార్, పైనుంచి నొక్కే స్క్రూ ఉండే మామూలు ఫ్లేరింగ్ కిట్ (పైపు చివరను విచ్చదీసి ఫ్లేర్ చేసేది) కొన్నాను. స్టీల్ పైపు మీద డబుల్ ఫ్లేర్ కొడుతుంటే పైపు బార్‌లోంచి వెనక్కి జారుతోంది, జారనప్పుడేమో ఫ్లేర్ ఒక పక్కకి ఒరుగుతోంది. టూల్ మార్చాలా, నా పద్ధతే తప్పా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

జవాబు: టూల్ మార్చే ముందు పాత పైపు విప్పి దాని చివర చూడండి. చివర విచ్చుకుని అంచు లోపలికి మడత పడి ఉంటే అది 45 డిగ్రీల డబుల్ ఫ్లేర్, గుండ్రంగా ఉబ్బి ఉంటే బబుల్ ఫ్లేర్. ఒకదాని చోట ఇంకోటి పెట్టకూడదు, బిగించినప్పుడు సరిపోయినట్టే అనిపించినా పెడల్ గట్టిగా తొక్కితే కారుతుంది. నట్టు మర కూడా పాతదానితో పోల్చుకోండి, 3/8 అంగుళం సైజులో అంగుళానికి 24 చుట్లు ఉండే మరకీ, 10 మి.మీ. సైజులో 1.0 పిచ్ (చుట్టుకీ చుట్టుకీ మధ్య 1 మి.మీ.) మరకీ కంటికి తేడా తెలియదు.

ఇక జారడం. బ్రేక్ పైపు ఎక్కువగా 3/16 అంగుళం, అంటే సుమారు 4.75 మి.మీ. మీరు 5 మి.మీ. రంధ్రంలో పెడుతుంటే ఎంత బిగించినా పట్టు దొరకదు. బార్ లోపలా పైపు బయటా నూనె జిడ్డు లేకుండా తుడిచి, బార్ నట్లలో పైపుకు దగ్గరగా ఉన్నది ముందు, దూరంగా ఉన్నది తర్వాత బిగించండి.

ఒరగడానికి కారణం దాదాపు ఎప్పుడూ కోతలోనే ఉంటుంది. హాక్సాతో కోస్తే అంచు ఏటవాలుగా వస్తుంది, పైపు కట్టర్ వాడినా ఒకేసారి గట్టిగా బిగిస్తే అంచు లోపలికి నొక్కుకుపోయి డై (పైపు చివరను నొక్కి ఆకారం ఇచ్చే అచ్చు) పిన్ను నిటారుగా దిగదు. కొద్దికొద్దిగా బిగిస్తూ తిప్పండి, అంచును ఆకురాయితో చదును చేసి, లోపలా బయటా గరుకు తీసేసి, రజను ఊదేయండి. బార్ పైన పైపు ఎంత ఎత్తు ఉండాలో డై మీది మెట్టే కొలత. డై కొనకి ఒక చుక్క బ్రేక్ ఫ్లూయిడ్ రాయండి, ఇంజిన్ ఆయిల్ మాత్రం వద్దు, అది లోపలికి చేరితే రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. అన్నిటికంటే ముందు జాయింట్ నట్టు పైపు మీదికి ఎక్కించారో లేదో చూసుకోండి!

ఇంకొకరి జవాబు: పైన చెప్పినవన్నీ కరెక్టే, కానీ స్టీల్ పైపు మీద ఆ బార్ కిట్‌తో కుస్తీ పట్టడం నాకు ఇష్టం లేదు. పైపు బయటికి తీసి పని చేయగలిగితే బెంచ్ వైస్‌కి బిగించే టరెట్ టైపు (డైలు తిరిగే తలలో ఉండే) టూల్ తీసుకోండి, డైలు పైపుకి నేరుగా ఎదురుగా వస్తాయి కాబట్టి ఫ్లేర్ ప్రతిసారీ ఒకేలా పడుతుంది. బండి కిందే పని అయితే అది పట్టదు, చిన్న హైడ్రాలిక్ టూల్ కావాలి, ఖర్చు ఎక్కువే. పైపు కూడా కాపర్-నికెల్ తీసుకుంటే సగం టెన్షన్ పోతుంది, మెత్తగా ఉండి చేత్తో వంగుతుంది, స్టీల్‌లా తుప్పు పట్టదు. ఉత్త రాగి పైపు మాత్రం వద్దే వద్దు, అదురుకి క్రమంగా పగులుతుంది.

ప్రశ్న అడిగినవారు: థ్యాంక్స్ అండీ, నేను పెడుతున్నది 5 మి.మీ. రంధ్రంలోనే! ఇంకో సందేహం, తుప్పు పట్టిన ముక్క వరకే కోసేసి కంప్రెషన్ జాయింట్‌తో కలపొచ్చా? నట్టు మరకి టేప్ చుట్టాలా?

జవాబు: రెండూ వద్దండీ. కంప్రెషన్ జాయింట్ నీళ్ల పైపులకి సరే, బ్రేక్ ఒత్తిడికి ఊడిపోవచ్చు. కలపక తప్పకపోతే రెండు చివర్లకీ ఫ్లేర్ కొట్టి ఫ్లేర్ యూనియన్‌తో (రెండు ఫ్లేర్ చివర్లను కలిపే ముక్కతో) కలపండి, అది కూడా పైపు గట్టిగా ఉన్నచోట కోసి. ఫ్లేర్ జాయింట్‌లో లీకు ఆపేది మర కాదు, ఫ్లేర్ అంచు, అందుకే టేప్‌తో పనిలేదు. ముందు తుక్కు ముక్కల మీద ఫ్లేర్ కొట్టి చూడండి, చీలిక గానీ వంకర గానీ కనిపిస్తే కోసేసి మళ్లీ కొట్టాలి. బిగించాక బ్రేక్ పైపుల్లోని గాలి పూర్తిగా తీసి, ఇంకొకరిని పెడల్ గట్టిగా తొక్కిపట్టమని ప్రతి జాయింట్‌నీ పొడి గుడ్డతో తుడిచి చూడండి, తడి తగిలితే బండి కదపొద్దు.