నెలల తరబడి దీవిలో టెంటు జీవితం: విశ్రాంతా, జీతం లేని ఇంకో ఉద్యోగమా?

గాలివాటం (చర్చ మొదలుపెట్టినవారు)

ఆరు నెలలు జీతం లేని సెలవు దొరికింది. పని మీద విరక్తి లేదు గానీ సోమవారం వస్తోందంటేనే ఆదివారం మధ్యాహ్నం నుంచి టెన్షన్. ఉష్ణమండలంలో ఏదైనా దీవిలో టెంటు వేసుకుని సెలవంతా అక్కడే గడపాలని ఉంది. రిసార్ట్ వద్దు. ఇంట్లోవాళ్లు ‘ఇది విశ్రాంతి కాదు, శిక్ష’ అంటున్నారు. అలా ఉండి వచ్చినవాళ్లు, అస్సలు వద్దనేవాళ్లు, ఇద్దరూ చెప్పండి. దీనివల్ల అలసట నిజంగా తీరుతుందా?

కొలబద్ద

తీరదు. జెసికా డి బ్లూమ్ బృందం 2013లో ఒక అధ్యయనం ప్రచురించింది. సగటున 23 రోజుల సెలవు మీద వెళ్లిన ఉద్యోగుల్ని వెంటబడి గమనించారు. వాళ్ల హుషారు, ఆరోగ్యం ఎనిమిదో రోజుకల్లా గరిష్ఠానికి చేరాయి. తిరిగి పనిలో చేరిన మొదటి వారంలోనే ఆ లాభమంతా ఆవిరైపోయింది. ఎనిమిది రోజుల్లో అందేదాని కోసం ఆరు నెలలు టెంటులో చెమటలు కక్కడం దేనికండీ? జీతం పోగొట్టుకుని మరీ?

తాడుముడి

కొలబద్ద గారూ, అది మామూలు సెలవుల మీద చేసిన అధ్యయనం. మూడు వారాలకు వెళ్లినవాడికి మొదటి రోజు నుంచే తిరుగు టికెట్ కళ్లముందు ఆడుతుంటుంది. దాన్ని తెచ్చి ఆరు నెలలకు అతికిస్తే ఎలా?

అధ్యయనాలే కావాలంటే సోనెన్‌టాగ్, ఫ్రిట్జ్ అనే పరిశోధకులు 2007లో చెప్పినదీ చూడండి. పని అలసట తీరడంలో వాళ్లు నాలుగు సంగతులు గుర్తించారు: పనిని మనసులోంచి దించేయడం, ఊరికే విశ్రమించడం, కొత్తదేదో నేర్చుకుని పట్టు సాధించడం, సమయం మన చేతిలో ఉండటం. రిసార్ట్ కుర్చీలో వాలితే రెండోది దండిగా దొరుకుతుంది. మూడోది దొరకదు. ఆఫీసులో ఏడాది చాకిరీ చేసినా అది అయిందో లేదో ఎవరికీ తెలియదు. ఇక్కడ తాడు బిగించారు, రాత్రంతా గాలి కొట్టింది, తెల్లారి చూస్తే టార్పాలిన్ నిలబడే ఉంది. పని అయినట్టు. దానికో మీటింగ్ అక్కర్లేదు.

ఉప్పుగాలి

నేను ఉండి వచ్చాను కాబట్టి కాస్త పెద్ద పోస్టు.

ఎండెక్కితే టెంటు కొలిమే. ఏడు తర్వాత లోపల పడుకోలేం. అందుకే కొన్నాళ్లకే చాలామంది పైన టార్పాలిన్, కింద దోమతెర ఉన్న ఉయ్యాలకు మారిపోతారు. చెట్లు చూసుకుని కట్టుకోవాలి, కాయలున్న కొబ్బరిచెట్టు కింద మాత్రం వద్దు.

టెంటు ఎలా చస్తుందో ఎవరూ చెప్పరు. గుడ్డ చిరగదు. లోపలి పాలీయురెథేన్ పూత తేమకీ వేడికీ జిగటగా మారి, పాడువాసన కొట్టి, పొట్టులా రాలుతుంది. అప్పటినుంచి వాన లోపలికే. జిప్పు లాగే లోహపు ముక్కకు ఉప్పు పట్టి తెల్లగా బిగుసుకుపోతుంది. మంచినీళ్లతో కడిగితే వదులుతుంది, కానీ ఆ నీళ్లు తాగడానికా, జిప్పుకా?

పగడపు రాయి గీసుకున్న చిన్న గాయం కూడా అక్కడ మొండికేస్తుంది, ఎందుకంటే కాలు ఎప్పుడూ తడే. డెంగీ మోసే దోమ పట్టపగలే కుడుతుంది. టార్పాలిన్ మడతలో నిలిచిన కాసిని నీళ్లు చాలు దానికి. చేపలు పట్టి తినేద్దాం అనుకునేవాళ్లకు: పగడపు దిబ్బల దగ్గరి పెద్ద చేపల్లో సిగ్వాటెరా విషం ఉండొచ్చు, ఎంత ఉడికించినా పోదు. ఏ చేప తినొచ్చో అక్కడి జాలరిని అడక్కుండా ముద్ద ఎత్తకండి.

ఇవన్నీ ఒక ఎత్తు, చీకటి ఒక ఎత్తు. భూమధ్యరేఖ దగ్గర ఏడాదంతా దాదాపు పన్నెండు గంటల రాత్రి. సందెవెలుగు ఉండీ లేనట్టు ఉంటుంది, ఆరున్నర దాటితే కన్ను పొడుచుకున్నా కనపడదు. మొదట్లో హాయి, కరువుతీరా నిద్ర. నిద్ర బాకీ తీరాక అసలు కథ మొదలవుతుంది. కళ్లు తెరుచుకుని పడుకుని ఉంటే, ఎప్పుడో మర్చిపోయాననుకున్న ఆఫీసు గొడవలు వరసగా వచ్చి పక్కన కూర్చుంటాయి.

కొలబద్ద

చూశారా? విశ్రాంతి పేరుతో పగలంతా మెయింటెనెన్స్, రాత్రి ఆఫీసు. ఇదే కదా నేనన్నది.

ఉప్పుగాలి

మెయింటెనెన్సే, కాదనను. కానీ దానికి రివ్యూ లేదు, రాత్రి తొమ్మిదికి మెసేజ్ రాదు. ఒళ్లు అలుస్తుంది, తల అలవదు. ఆ గొడవలు కూడా వచ్చి వచ్చి కొన్నాళ్లకు వాటికే విసుగు పుట్టింది. మళ్లీ వెళ్లమంటే వెళ్తా. ఏకబిగిన ఆరు నెలలు మాత్రం వెళ్లను.

గట్టుమీద

అలసట సంగతి తర్వాత. ఆరు నెలలు ఎవరి నేల మీద ఉంటారు? ఇది ఎవరూ అడగరేం?

హవాయిలోని కవాయి దీవి చూడండి. 1969లో అక్కడ దిమ్మరులుగా తిరుగుతున్నారని కొందరు యువతీయువకుల్ని అరెస్టు చేశారు. నటి ఎలిజబెత్ టేలర్ అన్న హోవర్డ్ టేలర్ వాళ్లను విడిపించి, సముద్రం ఒడ్డున తన స్థలంలో ఉండమన్నాడు. అదే టేలర్ క్యాంపు. చెట్ల మీద ఇళ్లు కట్టుకున్నారు, జనం పెరిగారు. పార్కు కోసం ప్రభుత్వం ఆ స్థలం తీసుకుంది, 1977లో ఇళ్లు తగలబెట్టి ఖాళీ చేయించింది. ఇప్పుడు అదే తీరంలో కలలావు అనే చోట టెంటు వేయాలంటే పర్మిట్ కావాలి, వరుసగా ఐదు రాత్రులకు మించి ఉండనివ్వరు. అందాల దీవుల్లో చాలాచోట్ల ఇలాంటి పరిమితులే.

నీళ్ల సంగతి కూడా. చిన్న పగడపు దీవుల్లో మంచినీరు ఇసుక కింద, ఉప్పునీటి మీద పలచటి పొరగా తేలుతుంటుంది. ఎక్కువ తోడినా, మీ మరుగుదొడ్డి గుంట దాని మీదే తవ్వినా, తాగేది ఊరివాళ్లు. మీకు అది విరామం, వాళ్లకు ఉన్న ఒక్క బావి.

తాడుముడి

సరే, రూలు ఉన్నచోట రూలు పాటించాల్సిందే. సొంత స్థలం ఉన్నవాళ్లు రాసిచ్చి ఒప్పుకుంటే?

గట్టుమీద

టేలర్ క్యాంపులో యజమాని ఒప్పుకున్నాడు కదా సార్.

గాలివాటం

ఇంట్లోవాళ్లకు ఈ చర్చ చూపిస్తే ఉన్న కాస్త అనుమతీ పోయేలా ఉంది. అనుమతి ఉన్న క్యాంపుల్లో విడతలు విడతలుగా రెండు నెలలు, మిగతా సెలవు పైకప్పు ఉన్న గదిలో, ఇలా ఆలోచిస్తున్నా. సెలవు జూన్‌లో మొదలు. కరీబియన్ వైపు అనుకుంటున్నా.

ఉప్పుగాలి

ఆగండాగండి. అట్లాంటిక్‌లో హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. మీ ఆరు నెలలూ సరిగ్గా అందులోనే పడ్డాయి. దక్షిణ పసిఫిక్‌లో తుఫానుల కాలం నవంబరు నుంచి ఏప్రిల్ వరకు, కాబట్టి జూన్ అయితే అటు చూడండి. మామూలు వానే కదా అని తీసిపారేయకండి. గట్టుమీద గారు చెప్పిన ఆ కవాయి ఉత్తర తీరంలోనే, వైపాలో, 2018 ఏప్రిల్‌లో ఒక్క రోజులో 1,262 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ తీరానికి వెళ్లే దారి ఏడాదికి పైగా మూసేశారు.

కొలబద్ద

అంటే వెళ్లడం ఖాయమన్నమాట.

గాలివాటం

రెండు నెలలకండీ. మీ ఎనిమిది రోజులు అందులోనే ఉన్నాయి. ఉప్పుగాలి గారూ, ఆ ఉయ్యాలకు దోమతెర విడిగా కొనాలా, కుట్టేసి ఉన్నదే మంచిదా?