విలాపం రాయబోతే వీరగాథ ఎందుకు ధ్వనిస్తోంది?

ప్రశ్న – పెదవాల్తేరు నుంచి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కూలిన చెట్ల గురించి ఒక వచన కవిత రాస్తున్నాను. మొదటి పాదాలు ఇవి:

ఉగ్ర ప్రభంజన గర్జనకు
కైలాసగిరి వృక్షాలు నేలకొరిగాయి

నేను చెప్పదలచుకున్నది దుఃఖం. చదివిన మిత్రులు మాత్రం యుద్ధవర్ణనలా ఉందంటున్నారు. లోపం మాటల్లో ఉందా, పదచిత్రంలో ఉందా? దయచేసి వివరించగలరు.

జవాబు – భీమిలి నుంచి

రెండూ కలిసే ఆ పని చేశాయండి. చెట్లు నేలకొరిగాయని పత్రికలు రోజూ రాస్తూనే ఉంటాయి గానీ, పక్కనే ‘గర్జన’ చేరేసరికి ఆ క్రియకున్న యోధుల అర్థం పైకి వచ్చి, చెట్లు సైనికులయ్యాయి, గాలి శత్రువైంది, కొండ రణరంగమైంది. శబ్దమూ అటే లాగుతోంది. సంయుక్తాక్షరాలూ దీర్ఘసమాసాలూ ఓజోగుణాన్ని, అంటే పలుకులోని బిగువును, పోషిస్తాయని మన ఆలంకారికులు ఏనాడో చెప్పారు. మీ మొదటి పాదంలో ఉన్నది ఆ బిగువే. శోకానికి అంత బిగువు పనికిరాదు. నేనైతే గాలిని వదిలేసి మర్నాటి ఉదయాన్ని చూపిస్తాను:

కొండమీద చెట్లు పడిపోయాయి
తెల్లారి వచ్చిన కాకులు
వాలే కొమ్మ కోసం తిరుగుతున్నాయి

దుఃఖమన్న మాట ఇందులో ఎక్కడా లేదు.

జవాబు – ఉక్కునగరం నుంచి

చాలావరకు ఏకీభవిస్తాను గానీ, దీన్నిబట్టి సంస్కృత పదాలను తప్పుపట్టకూడదు. మన ఊళ్ళోనే పుట్టిన శ్రీశ్రీ ‘నేను సైతం ప్రపంచాగ్నికి సమిధనొక్కటి ఆహుతిచ్చాను’ అన్నప్పుడు అగ్ని, సమిధ, ఆహుతి మూడూ యజ్ఞశాల నుంచి వచ్చినవే. అయినా అది పురోహితుడి గొంతు కాదు. ‘నేను సైతం’లోని వినయమూ, ‘ఒక్కటి’ అనే లెక్కా, ‘ఇచ్చాను’ అనే వాడుక క్రియా కలిసి ఆ యజ్ఞాన్ని సామాన్యుడి చేతికి అందించాయి. మీరు ‘వృక్షాలు’ ఉంచుకుని, క్రియను మాత్రం మార్చి పైకి చదివి చూడండి.

ప్రశ్న అడిగినవారు

‘వృక్షాలు పడిపోయాయి’ అని చదివి చూశాను. యుద్ధం పోయింది గానీ, తహసీల్దారు పంపిన నష్టాల నివేదికలా వినిపిస్తోంది.

జవాబు – భీమిలి నుంచి

బహువచనమూ అందుకు కొంత కారణమే. ఆ కొండమీద మీకు బాగా గుర్తున్న ఒక్క చెట్టును, వేపో తురాయో, పేరుతో చెప్పి ‘పడిపోయింది’ అనండి. అప్పుడు ప్రభంజనంతో మీకు పని ఉండకపోవచ్చు.