హుడ్ కింద ఉన్నప్పుడు ఎయిర్‌స్పేస్ హద్దులు చూసుకోవాల్సింది ఎవరు?

హుడ్‌కింద:
అమెరికాలో ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయటకు చూడకుండా పరికరాల ఆధారంగానే ఎగరడానికి కావాల్సిన అర్హత) శిక్షణలో ఉన్నాను. పోయిన వారం వీఎఫ్ఆర్‌లో (బయటకు చూస్తూ ఎగిరే నిబంధనల కింద) వెళ్లి, హుడ్ (పరికరాలు తప్ప బయట ఏమీ కనబడకుండా చేసే ముసుగు) పెట్టుకుని 2,700 అడుగుల ఎత్తులో స్టీప్ టర్న్‌లు, అన్‌యూజువల్ ఆటిట్యూడ్‌లు (అదుపు తప్పినట్టు వాలిన విమానాన్ని సరిచేయడం) చేశాం. ఆ తర్వాత కొన్ని పరికరాలు మూసేసి పార్షియల్ ప్యానెల్ చేశాం. అంతా కలిపి 25 నిమిషాలు. మొదలుపెట్టిన చోట మా మీద ఉన్న క్లాస్ బి (పెద్ద ఎయిర్‌పోర్టు చుట్టూ, అనుమతి లేకుండా వెళ్లకూడని గగనతలం) కింది హద్దు 3,000 అడుగులు. ల్యాండింగ్‌కి వస్తుంటే ఫలానా నంబరుకి ఫోన్ చేయమని టవర్ చెప్పింది. ఎయిర్‌పోర్టుకు దగ్గరయ్యేకొద్దీ ఆ హద్దు మెట్లుమెట్లుగా కిందికి దిగుతుంది; మేము తెలియకుండానే 2,000 అడుగుల నుంచి మొదలయ్యే లోపలి మెట్టులోకి దూరిపోయామట. ఇన్‌స్ట్రక్టర్ గారు "తప్పు పూర్తిగా నాది, నువ్వు మనసులో పెట్టుకోకు" అన్నారు. కానీ నా మనసు ఒప్పుకోవడం లేదు. విమానం నడుపుతున్నది నేనే కదా. బయట కనబడని విద్యార్థికి ఇందులో బాధ్యత ఉందా, లేదా?

కుడిసీటు:
మీ ఇన్‌స్ట్రక్టర్ చెప్పిందే నిజం. నేనూ ఇన్‌స్ట్రక్టర్‌నే. హుడ్‌తో ఎగరాలంటే పక్కన బయటకు చూస్తూ ఉండే సేఫ్టీ పైలట్ ఉండాలని 91.109 నిబంధన చెబుతుంది. తుది బాధ్యత పైలట్ ఇన్ కమాండ్‌దని 91.3 చెబుతుంది. పాఠం చెప్పేటప్పుడు ఆ రెండు పాత్రలూ నావే. ఇంకో మాట. బాధ్యత ఇద్దరికీ పంచితే "ఆయన చూస్తున్నాడులే" అని ఒకరు, "ఈ అబ్బాయి చూసుకుంటాడులే" అని ఇంకొకరు అనుకుంటారు. అది చాలా ప్రమాదం. విద్యార్థి పని స్కాన్ (పరికరాలను వరుసగా చూస్తూ ఉండటం), అంతే.

గాలివాటం:
కుడిసీటు గారూ, చట్టం విషయంలో మీతో వాదన లేదు. కానీ "విద్యార్థి పని స్కాన్, అంతే" అన్నది ఒప్పుకోలేను. ఆ రోజు గాలి ఎంత ఉందో ఆయన రాయలేదు. 25 నాట్లు (గంటకు 25 నాటికల్ మైళ్లు) అనుకుందాం. 25 నిమిషాల్లో గాలి ఒక్కటే విమానాన్ని 10 నాటికల్ మైళ్లకు పైగా నెట్టేస్తుంది. హోల్డింగ్‌లో (ఒకే చోట చుట్లు కొట్టేటప్పుడు) అయితే ప్రతి చుట్టుకీ ఫిక్స్ (నిర్ణీత బిందువు) దగ్గరకు తిరిగి వస్తాం కాబట్టి కొట్టుకుపోయింది ఎప్పటికప్పుడు సరిదిద్దుకుంటాం. స్టీప్ టర్న్‌లకు అలాంటి లంగరు లేదు. గాలి ఎటు తోస్తే అటు పోతాం. ఈ లెక్క కట్టడానికి కళ్లు అక్కర్లేదు, గాలి వేగం, గడియారం ఉంటే చాలు. గాలి వేగం బయల్దేరే ముందే తెలుస్తుంది, గడియారం హుడ్ కిందా కనబడుతుంది.

అప్రోచ్‌ల (పరికరాల ఆధారంగా రన్‌వే వైపు దిగి వచ్చే దారుల) దగ్గర ఇంకో చిక్కు ఉంది. అప్రోచ్ ప్లేట్ (ఆ దారి గీసిన చార్ట్) మీద ఎయిర్‌స్పేస్ హద్దులు గీసి ఉండవు. 10 మైళ్ల లోపు ప్రొసీజర్ టర్న్ (వెనక్కి తిరిగి రన్‌వే దారిలోకి వచ్చే మలుపు) చేయమని ప్లేట్ చెబుతుంది. ఆ 10 మైళ్లలో పక్క ఎయిర్‌పోర్టు క్లాస్ డి (టవర్ ఉన్న చిన్న ఎయిర్‌పోర్టు చుట్టూ ఉండే గగనతలం) ఉందని మాత్రం చెప్పదు. ఐఎఫ్ఆర్ (పరికరాల ఆధారంగా ఎగిరే నిబంధనలు) క్లియరెన్స్, అంటే కంట్రోలర్ అనుమతి, ఉన్నవాడి కోసం గీసిన బొమ్మ అది. వీఎఫ్ఆర్‌లో అదే దారిన వెళ్లేవాడు సెక్షనల్ చార్ట్ (ఎయిర్‌స్పేస్ హద్దులు చూపించే మ్యాప్) కూడా ముందే చూసుకుని రావాలి.

కుడిసీటు:
ప్లేట్ సంగతి బాగా చెప్పారు, ఒప్పుకుంటాను. కానీ రేపు నిజమైన ఐఎఫ్ఆర్‌లో ఈ హద్దుల బెడద ఉండదు. క్లియరెన్స్ ప్రకారం వెళ్తే క్లాస్ బి గుండా కూడా వెళ్లిపోతాం. ఆ రేటింగ్ కోసం నేర్చుకునే మనిషి మీద, ఎత్తు నిలబెట్టడానికే తంటాలు పడే దశలో, ఈ బరువు కూడా వేయడం ఎందుకు?

గాలివాటం:
ఎత్తు నిలబెట్టలేకపోవడమే అసలు కారణం కదండీ. చెక్‌రైడ్‌లో (రేటింగ్ పరీక్షలో) ఎత్తు తప్పడానికి పరిమితి 100 అడుగులు. మొదట్లో 200, 300 తప్పడం మామూలే. కింది హద్దు 3,000 అంటే సరిగ్గా 3,000లో ఉన్నా లోపల ఉన్నట్టే. మరి 2,700లో స్టీప్ టర్న్‌లు ఎందుకు? ఈ ప్రశ్న హుడ్ పెట్టుకోకముందే విద్యార్థి అడగాలి. నేను గాల్లో పని గురించి అనడం లేదు. నేల మీద చేసే పని గురించి అంటున్నాను.

రెండోపైలట్:
ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఇద్దరు స్నేహితులు వెళ్లే సందర్భం ఎవరూ ఎత్తలేదు. రేటింగ్‌కి కావాల్సిన 40 గంటల్లో 15 మాత్రమే ఇన్‌స్ట్రక్టర్‌తో తప్పనిసరి, మిగతావి చాలామంది సేఫ్టీ పైలట్‌తోనే చేస్తారు. అప్పుడు కమాండ్‌లో ఎవరున్నారో మాట్లాడుకోకుండా బయల్దేరేవాళ్లను చూశాను. భయమేసింది. సేఫ్టీ పైలట్ కళ్లన్నీ వేరే విమానాల మీదే ఉంటాయి, మ్యాప్ మీద ఉండవు.

మేఘమాల:
అంత తర్జనభర్జన ఎందుకు? ఎప్పుడూ ఫ్లైట్ ఫాలోయింగ్ తీసుకోండి. రాడార్‌లో చూసేవాళ్లు చెబుతారు.

గాలివాటం:
మేఘమాల గారూ, తీసుకోవడం మంచిదే, నేనూ తీసుకుంటాను. కానీ దాని మీద ఆనుకోకండి. కంట్రోలర్‌కి తీరిక ఉంటే చెబుతారు, లేకపోతే లేదు. క్లాస్ సి, డిలకు మన కాల్‌సైన్‌తో జవాబు వస్తే సరిపోతుంది. క్లాస్ బికి అలా కాదు, లోపలికి క్లియర్డ్ అన్న మాట స్పష్టంగా వినబడాలి. స్క్వాక్ కోడ్ (రాడార్‌లో మనల్ని గుర్తించే నంబరు) ఇచ్చారు కదా అని వెళ్లిపోకూడదు. ఇంకొకటి, వీఎఫ్ఆర్‌లో ప్రాక్టీస్ అప్రోచ్‌కి అనుమతి ఇస్తే మిస్డ్ అప్రోచ్‌కి (దిగకుండా నిర్ణీత దారిలో మళ్లీ పైకి వెళ్లడానికి) కూడా ఇచ్చినట్టు కాదు. దాన్ని విడిగా అడగాలి.

కుడిసీటు:
హుడ్‌కింద గారూ, నాసాకి రిపోర్ట్ (తప్పు జరిగితే పైలట్లు స్వచ్ఛందంగా పంపే భద్రతా నివేదిక) పంపారా? 10 రోజుల్లోపు పంపాలి. తెలియక జరిగిన తప్పయితే, మిగతా షరతులు కూడా సరిపోతే, శిక్ష పడకుండా కాపాడుతుంది. మీరూ మీ ఇన్‌స్ట్రక్టరూ విడివిడిగా పంపండి.

హుడ్‌కింద:
ఇద్దరం పంపాం సర్. గాలివాటం గారూ, ఆ రోజు గాలి 28 నాట్లు. బయల్దేరే ముందు నేనే చదివాను, ఆ తర్వాత ఒక్కసారి కూడా గుర్తు చేసుకోలేదు. నాకు బాధగా ఉన్నది దానికే.

నిన్న మళ్లీ వెళ్లాం. ఈసారి గాలికి ఎదురు వైపు, హద్దుకు 15 మైళ్ల దూరంలో మొదలుపెట్టాం. ఎత్తు 2,000కి తగ్గించాం, కింద నేల దాదాపు సముద్ర మట్టంలోనే ఉంది కాబట్టి స్టీప్ టర్న్‌లకు చాలు. ప్రతి 8 నిమిషాలకు నేను "ఎక్కడున్నాం?" అని అడగాలి, ఆయన హద్దు ఎంత దూరమో చెప్పాలి అని ముందే అనుకున్నాం. రెండోసారి అడిగినప్పుడు ఆయన టాబ్లెట్ చూసి వెంటనే వెనక్కి తిప్పమన్నారు. అప్పటికి 7 మైళ్లు కొట్టుకుపోయాం.

ఒక్క విషయంలోనే మా ఇద్దరికీ ఇంకా కుదరలేదు. పార్షియల్ ప్యానెల్ చేసేటప్పుడు ఆయన నా వైపు మూవింగ్ మ్యాప్ (విమానం ఎక్కడుందో చూపే తెర) మూసేస్తారు. అలవాటు పడకూడదంటారు. నేను తెరిచే ఉంచమంటున్నాను. మీరు మీ విద్యార్థులకు మూస్తారా, కుడిసీటు గారూ?

కుడిసీటు:
ఇప్పటిదాకా మూసేవాడిని. ఇకపై హద్దుకు 10 మైళ్ల లోపల ఉంటే మూయను.