డిప్ప పగిలిన తాబేలు దొరికింది, బకెట్‌లో ఉంచాం. మీకు ఇలాంటివి ఎదురైతే ఏం చేశారు?

వంశధార_గట్టు
అందరికీ నమస్తే. మాది నరసన్నపేట దగ్గర పల్లె. రాత్రి గట్టి వాన పడింది కదా, పొద్దున్న పాలు పోసి వస్తుంటే చెరువు గట్టు దాటాక రోడ్డు మధ్యలో తాబేలు కనిపించింది, ఏదో బండి ఎక్కేసినట్టుంది. బతికే ఉంది. డిప్ప కుడి పక్కన వేలెడు పొడవు పగులు, లోపల ఎర్రగా తడి, అది ఊపిరి తీసినప్పుడల్లా ఆ పగులు అంచు కొంచెం లేచి పడుతోంది. చూడలేక తువ్వాలులో చుట్టి ఇంటికి తెచ్చేశాను. బకెట్లో నీళ్లు పోసి అందులో వేశాం. అమ్మ అన్నం మెతుకులు వేసింది, ముట్టలేదు. మా బాబాయ్ శ్రీకూర్మం గుడిలో వదిలేసి రా, పుణ్యం వస్తుంది అంటున్నాడు. పక్కింటాయన ఫెవిక్విక్ వేస్తే అతుక్కుంటుంది అంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

మందులపెట్టె
ముందు ఆ నీళ్లు పారబొయ్యండి, మిగతాది తర్వాత చదవండి.

నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్‌గా చేస్తాను, డాక్టర్ని కాదు. తాబేలుకి ఊపిరితిత్తులు వీపు డిప్పకి ఆనుకునే ఉంటాయి. పగులు లోతుగా ఉంటే నీళ్లు నేరుగా లోపలికి పోతాయి. మీరు చెప్పిన ఆ అంచు లేచి పడటం నాకు అందుకే నచ్చలేదు. డిప్ప అంటే చాలామంది మన గోరులాంటిది అనుకుంటారు కానీ అది పక్కటెముకలు, వెన్నెముక కలిసిపోయి అయిన ఎముక, రక్తం పారుతుంది, నొప్పి తెలుస్తుంది. కాబట్టి ఫెవిక్విక్, ఎం సీల్, సిమెంటు లాంటివి వద్దే వద్దు, లోపల మట్టి, సూక్ష్మక్రిములు ఉండగా పైన మూసేస్తే లోపల చీము పడుతుంది.

పొడి టబ్‌లో పాత కాటన్ బట్ట పరిచి అందులో పెట్టండి. పగులు మీద మెడికల్ షాపులో దొరికే సెలైన్ నెమ్మదిగా పోసి మట్టి కడగండి, రుద్దొద్దు. బెటాడిన్ ఉంటే పల్చటి టీ రంగు వచ్చేంత నీళ్లు కలిపి పైపైన అద్దొచ్చు. డెట్టాల్ మాత్రం వాడకండి, ఈ జీవాలకి పడదు. సెలైన్‌తో తడిపిన గాజుగుడ్డ కప్పి, టబ్ మీద దోమతెర లాంటిది కట్టండి, ఈ వానల్లో ఈగ వాలిందంటే రేపటికి పురుగులు పట్టేస్తాయి. తిండి పెట్టొద్దు. ఇంటి లోపల చీకటిగా ఉన్న మూల ఉంచండి, ఎండలోనూ వద్దు ఫ్యాన్ కిందా వద్దు. అది రెండు మూడు రోజులు తినకపోయినా ఏమీ కాదు, మీ అమ్మగారిని గాబరా పడొద్దనండి.

ఇంకోటి, అది కరుస్తుంది. ముందు నుంచి చెయ్యి పెట్టకండి, మెడ మీరు అనుకున్నదానికన్నా పొడుగు.

వంశధార_గట్టు
నీళ్లు తీసేశాను అన్నా. సెలైన్ కోసం తమ్ముణ్ణి పంపించాను. 1962 కి ఫోన్ చెయ్యొచ్చా?

మందులపెట్టె
అది ఆవులు, గేదెలు, మేకల కోసం పెట్టిన పశువుల అంబులెన్స్ తమ్ముడూ. వాళ్లకి చెప్పి చూడొచ్చు కానీ అడవి జీవానికి మొదట చెప్పాల్సింది అటవీ శాఖకి. మీ రేంజ్ ఆఫీసు నంబర్ తెలియకపోతే సచివాలయంలోనో పోలీస్ స్టేషన్‌లోనో అడగండి, ఇస్తారు.

అప్ప_బొబ్బిలి
గుడి సంగతి నేను చెప్తాను, ఎందుకంటే నేనూ ఒకసారి అదే తప్పు చెయ్యబోయాను. శ్రీకూర్మంలో పెంచేవి నక్షత్ర తాబేళ్లు, వీపు మీద పసుపు చారలు చుక్కల్లా ఉంటాయి, అవి నేల మీద బతికేవి, ఆకులూ కూరగాయలూ తింటాయి. నువ్వు తెచ్చింది చెరువుది. వీపు నున్నగా మెత్తటి తోలు కప్పినట్టు ఉండి, వెనక కాళ్లు లాక్కున్నప్పుడు కింద రెండు చర్మపు రేకులు తలుపుల్లా మూసుకుంటున్నాయేమో చూడు. అవునంటే అది చేపా, నత్తా, కప్పా తినే నీటి తాబేలు. రెండూ తాబేళ్లే కదా అని ఒకచోట వేస్తే దీనికి అక్కడ బతుకే లేదు, పైగా దీని జబ్బేదైనా ఉంటే వాటికి అంటుకుంటుంది. పుణ్యం మాట మీ బాబాయ్‌కి ఇలా చెప్పు, ఆ కూర్మనాథుడు ఏమీ అనుకోడు.

వంశధార_గట్టు
చూశాను, ఆ తలుపులు ఉన్నాయి అప్పా! ఎన్నోసార్లు చెరువులో చూశాను గానీ ఎప్పుడూ తిప్పి చూడలేదు.

జీడితోట
తాబేలు కాదు గానీ నా అనుభవం కూడా రాస్తాను. మాది పలాస వైపు. పెరట్లో కూరమళ్ల చుట్టూ కోళ్లు రాకుండా నైలాన్ వల కట్టాం. నిరుడు కోతల ముందు అందులో జెర్రిపోతు ఇరుక్కుంది, ఆరడుగులకి తక్కువ ఉండదు. రాత్రంతా గింజుకుందేమో, దారం మెడ వెనక నాలుగు చోట్ల పొలుసుల కిందకి దిగిపోయింది, పైకి చూస్తే దారమే కనపడదు, ఒక గీత లాగా ఉబ్బి ఉంది అంతే. నేను కత్తెర పట్టుకుని దగ్గరికి వెళ్లాను, అది మెడ ఉబ్బించి కుక్క గుర్రుమన్నట్టు శబ్దం చేసింది, వెనక్కి వచ్చేశాను. జెర్రిపోతుకి విషం లేదని తెలుసు, అయినా కాళ్లు వణికాయి.

పాములు పట్టే కుర్రాడు వచ్చి నాకు ఒక మాట చెప్పాడు, అది ఇక్కడ అందరికీ పనికొస్తుంది. పాముని వల్లోంచి తియ్యకూడదట, వలని కర్రల నుంచి కోసి పాముని వలతో సహా మూత ఉన్న డ్రమ్ములోకి దించాలట. అతను అలాగే చేసి, తర్వాత నీడలో కూర్చుని, మొన గుండ్రంగా ఉన్న చిన్న కత్తెరతో ఒక్కో పోగు కోశాడు, నలభై నిమిషాలు పట్టింది. లాగితే చర్మం ఊడొచ్చేది. పైకి కనపడే వల కోసేసి వదిలేస్తే లోపలి దారం అలాగే బిగుసుకుని వారం పది రోజుల్లో చచ్చిపోతుందన్నాడు. అప్పటి నుంచి మేము ఆ వల తీసేసి వెదురు దడి కట్టుకున్నాం.

చెరకుమడి
అంతా బాగుంది గానీ పాముకి కూడా సేవలేటండి? మా ఊళ్లో నిరుడే ఒకాయన కట్లపాము కరిచి పోయాడు. పిల్లలున్న ఇల్లు. కనపడితే కొట్టడమే.

మందులపెట్టె
మీ బాధ అర్థమైంది, కోపం వద్దు. నేనూ దెబ్బ తగిలిన పాముని ముట్టుకోమని ఎవరికీ చెప్పను. గాయపడిన పాము మామూలు పాముకన్నా ప్రమాదం, తల తెగిన పాము కూడా కాసేపటి వరకు కరవగలదు. కొట్టడానికి దగ్గరికి వెళ్లినప్పుడు కూడా కాట్లు పడతాయి. పిల్లల్నీ కుక్కనీ లోపలికి పంపి, దూరం నుంచి దాని మీద కన్నుంచి ఫోన్ చెయ్యడం, మనం చేసేది అంతే. తెలియని పాము ఏదైనా విషప్పాము కిందే లెక్క.

కట్లపాము సంగతి ఎత్తారు కాబట్టి చెప్తున్నాను, అది రాత్రిపూట నిద్రలో కరిస్తే నొప్పి కూడా పెద్దగా ఉండదు, తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి. ఎవరికి ఏ పాము కరిచినా కొయ్యొద్దు, గట్టిగా కట్టు కట్టొద్దు, మంత్రం దగ్గరికి తీసుకెళ్లి టైం పోగొట్టొద్దు, 108 కి ఫోన్ చేసి ప్రభుత్వాసుపత్రికి పోవాలి.

అప్ప_బొబ్బిలి
పైగా పాముని కొడితే కేసు కూడా. 1972 వన్యప్రాణి చట్టానికి 2022లో సవరణ చేశాక నాగుపాము, రక్తపింజరతో పాటు జెర్రిపోతు కూడా మొదటి షెడ్యూల్లోకి, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జీవాల జాబితాలోకి వచ్చింది. ఆ నీటి తాబేలూ, ఉడుమూ ఎప్పట్నుంచో అందులోనే ఉన్నాయి. తమ్ముడూ, ఇది నీకూ వర్తిస్తుంది. కాపాడాలనే తెచ్చినా సరే 48 గంటల్లోపు అటవీ అధికారికో పోలీస్ స్టేషన్‌లోనో చెప్పాలి. బాగయ్యాక తొట్టిలో పెంచుకుందాం అనుకోకు.

గోస్తని_కుర్రోడు
ఉడుము మాట వచ్చింది కదా. మా గజపతినగరం వైపు గత్తం కుప్ప దగ్గర కుక్కలు ఒక ఉడుముని పట్టాయి. నేను గోనె సంచి వేసి పట్టుకున్నాను. ఒంటి మీద చూస్తే నాలుగు చిన్న చుక్కలు, రక్తం కూడా ఆగిపోయింది, ఏమీ లేదులే అని పొలం గట్టున వదిలేశాను. ఐదో రోజు అక్కడే చచ్చి కనిపించింది. డాక్టర్ గారిని అడిగితే కుక్క కాటు పైకి సూది పొడిచినంతే ఉంటుంది, లోపల చీము పడుతుంది, ఇంజెక్షన్లు పడాల్సింది అన్నారు. ఇప్పటికీ బాధగా ఉంటుంది. మధ్యలో ఒకడు వచ్చి కూరకి అమ్ముతావా అని అడిగాడు, ఆ కోపంలోనే తొందరపడి వదిలేశానేమో కూడా.

జీడితోట
బల్లి, నలికీచు తోక తెగితే మాత్రం వదిలెయ్యండి బాబూ, అది వాటంతట అవే తెంపుకుంటాయి, మళ్లీ మొలుస్తుంది. మా ఆవిడ తోక తెగిన బల్లికి పసుపు పెట్టింది ఒకసారి.

గోస్తని_కుర్రోడు
😂 ఉడుముకి మాత్రం తెగితే మళ్లీ రాదు.

సముద్రం_పక్కన
మాది కళింగపట్నం దగ్గర. శీతాకాలం నుంచి మార్చి దాకా గుడ్లకి వచ్చే సముద్రపు తాబేళ్లు వలల్లో చిక్కి సగం ప్రాణంతో ఒడ్డుకి కొట్టుకొస్తాయి. జనం మంచి మనసుతో ఈడ్చి మళ్లీ నీళ్లలోకి తోసేస్తారు. అవి గాలి పీల్చే జీవాలు, స్పృహ లేకుండా నీళ్లలో వేస్తే మునిగి చచ్చిపోతాయి. బోర్లానే ఉంచి, వెనక వైపు కింద ఇసుక పోసి జానెడు ఎత్తు చేస్తే లోపలి నీళ్లు నోట్లోంచి కారతాయి. పైన తడిగుడ్డ, ముక్కు మీద మాత్రం పడకుండా. నాలుగైదు గంటల తర్వాత కదిలినవి నేను చూశాను, చచ్చిందని వదిలేసి భోజనానికి వెళ్లి వస్తే తల ఎత్తి చూస్తోంది.

చెరకుమడి
నాగులచవితికి పుట్టలో పాలు పోస్తాం కదా, దెబ్బ తగిలిన పాముకి పాలు పోస్తే తాగదా మరి?

మందులపెట్టె
పుట్టకి పొయ్యండి, పాముకి వద్దు. దాని కడుపుకి పాలు అరగవు, బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మనిషి మాత్రలు కూడా ఏ జీవానికీ వెయ్యకండి.

వంశధార_గట్టు
అప్‌డేట్. నిన్న మధ్యాహ్నం ఫోన్ చేస్తే సాయంత్రానికి అటవీ శాఖ బీట్ ఆఫీసర్ గారు బండి మీద వచ్చి తాబేలుని తీసుకెళ్లారు. టబ్, గాజుగుడ్డ, దోమతెర చూసి ఎవరు చెప్పారు ఇదంతా అని అడిగారు. ఎక్కడ దొరికిందో రోడ్డు పేరు, చెరువు పేరు రాసుకున్నారు, బాగైతే మళ్లీ ఆ చెరువులోనే వదలాలట, అందుకని. డాక్టర్ గారు చూశారట, పగులు లోతుగానే ఉంది కానీ లోపలి పొర చిరగలేదు, నెలలు పట్టొచ్చు, అప్పుడే ఏమీ చెప్పలేం అన్నారట. అమ్మ ఒకటే అడుగుతోంది, ఫోన్ చేసి కనుక్కో అని.

ఒక్క డౌట్ మిగిలింది. ఆ బకెట్ నీచు వాసన ఎంత కడిగినా పోవట్లేదు, స్నానాల గదిలోది అది, ఇంట్లో నన్ను తిడుతున్నారు.

అప్ప_బొబ్బిలి
చింతపండు గుజ్జు, ఉప్పు వేసి తోమి రెండ్రోజులు ఎండలో బోర్లించు. పోకపోతే కొత్త బకెట్ కొనివ్వు మీ అమ్మకి.